పాత బడిని కాపాడుకోవాలంటే: ధర్నానా, కోర్టా, మరమ్మతా? ఏది మేలు?

‘శిథిలావస్థలో ఉంది, వాడకానికి పనికిరాదు’ అని ఇంజినీరు ఒక్క కాగితం రాసిస్తే చాలు, వందేళ్ల బడి భవనానికి రోజులు దగ్గరపడ్డట్టే. అప్పుడు పూర్వ విద్యార్థులు, ఊరి పెద్దలు ఒకచోట చేరి తేల్చుకోవాల్సింది ఒకటే: గేటు ముందు బైఠాయిద్దామా, కోర్టుకెళ్దామా, తలా ఇంత వేసుకుని బాగుచేయిద్దామా? మూడు దారులూ నడిచినవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు.

ధర్నా దారికి క్వీన్ మేరీస్ కాలేజీని మించిన ఉదాహరణ లేదు. మద్రాసు మెరీనా ఎదుట 1914లో మొదలైన ఆడపిల్లల కాలేజీ అది. ఆంధ్ర జిల్లాలకు కూడా మద్రాసే రాజధానిగా ఉన్న కాలం. 2003లో జయలలిత ప్రభుత్వం ఆ స్థలంలో కొత్త సచివాలయం కడతామని ప్రకటించింది. విద్యార్థినులు ప్రాంగణం వదలకుండా కూర్చున్నారు. పాత విద్యార్థినులు తోడొచ్చారు, ప్రతిపక్షం కదిలింది, రాష్ట్రమంతా దాని గురించే మాట్లాడింది. చివరికి సచివాలయం ఆలోచన అక్కడినుంచి తప్పుకుంది. అంతమంది అమ్మాయిలు అంత గట్టిగా నిలబడటం నాకు ఇప్పటికీ గర్వంగా అనిపిస్తుంది.

అయితే కాలేజీ పురుడు పోసుకున్న కాపర్ హౌస్ మాత్రం దక్కలేదు. మరమ్మతు లేక పాడుబడి, తర్వాత నేలమట్టమై, ఆ చోట కొత్త భవనం లేచింది. ధర్నా స్థలాన్ని కాపాడింది, కాలేజీని కాపాడింది. పాత గోడల్ని కాపాడటం దాని వల్ల కాలేదు.

ఇక కోర్టు. హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ బడి కాదు, నవాబు ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న మహలు. కానీ పాత సర్కారు బడికి ఎదురయ్యే చిక్కే దానికీ ఎదురైంది: భవనం ప్రభుత్వానిది, కూల్చాలనుకున్నదీ ప్రభుత్వమే. 2019 జూన్‌లో అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది, శంకుస్థాపన కూడా అయిపోయింది. వారసత్వ కట్టడాల ప్రేమికులు, వారసులు ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేశారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. జూన్‌లో మొదలైన గొడవ సెప్టెంబరుకల్లా తేలింది! బుల్డోజరును ఆపడంలో కోర్టును మించింది లేదు. వాదనంతా కాగితాల చుట్టూ తిరిగింది: ఏ వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది, ఏ నిబంధన ఇంకా చెల్లుతుంది, ఎవరి అనుమతి తీసుకోవాలి అని. అందుకే మీ బడి ఏ జాబితాలోనూ లేకపోతే ముందు చేర్చమని అర్జీ పెట్టండి. కూల్చివేత నోటీసు వచ్చాక జాబితా కోసం పరిగెత్తడం ఆలస్యమే.

కాకపోతే తీర్పు కూల్చవద్దంటుంది, కారే కప్పును మూయదు. కేసు గెలిచి, తాళం వేసి వదిలేసిన భవనాన్ని నాలుగు వానాకాలాలు నెమ్మదిగా కూలుస్తాయి.

మూడో దారికి కోఠి మహిళా కాలేజీని చూడాలి. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ 1803లో మొదలుపెట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే ఆ ప్రతినిధి నివాసం అది, ఖర్చు నిజాంది. 1949లో మహిళా కాలేజీ అందులోకి వచ్చింది. ఎత్తైన కొరింథియన్ స్తంభాల నీడలో, సింహాలు కాపలా ఉన్న మెట్లెక్కి తరతరాల అమ్మాయిలు క్లాసులకు వెళ్లారు. తర్వాత అదీ పెచ్చులూడింది, ప్రమాదమని గదులు ఖాళీ చేయాల్సొచ్చింది. 2002లో పాత కట్టడాల రక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అక్కడినుంచి నిధులు, అనుమతులు, నిపుణులు, పనులు... దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఓపికకు పరీక్షే. కానీ భవనం ఇవాళ నిలబడి ఉంది, చుట్టూ చదువు సాగుతూనే ఉంది. మిగతా రెండు దారులు ఇంత దూరం తీసుకురాలేవు.

మరమ్మతు అంటే సిమెంటు పూయడం కాదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. పాత గోడలు ఇటుకా సున్నంతో కట్టినవి. డంగు సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దానిమీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు తేలుతుంది, రెండేళ్లకు ఆ సిమెంటు పాత ఇటుక పొరతో సహా ఊడి పడుతుంది. అప్పుడు ‘చూశారా, బాగుచేసినా నిలవలేదు’ అని మళ్లీ అదే కాగితం వస్తుంది. టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో వేసే పాతకాలపు మద్రాసు టెర్రస్ కప్పుల్లో ముందుగా పోయేవి గోడలోకి దిగిన టేకు దూలాల చివర్లు. చాలాచోట్ల ఆ చివర్లు మారిస్తే కప్పు నిలుస్తుంది, మొత్తం పీకక్కర్లేదు. ఈ తేడా తెలిసిన ఇంజినీరుతో ఇంకో నివేదిక రాయించడమే పోరాటంలో మొదటి ఖర్చు కావాలి.

పిల్లల ప్రాణాల మాట తేలిగ్గా తీసేయలేం. నిజంగా ప్రమాదమున్న గదుల కింద ఒక్క పిల్లాణ్ణీ కూర్చోబెట్టకూడదు. ఆ మాట మనమే ముందు చెప్పాలి. కానీ గట్టిగా ఉన్న గదులకు తాళం పడనివ్వకూడదు. గ్రంథాలయమో, టీచర్ల గదో, సాయంత్రం ట్యూషనో, ఏదో ఒకటి నడవాలి.

‘ముందు గోడ ఉంచి వెనక కొత్తది కడదాం’ అనేవాళ్లూ ఉంటారు. ఏమీ మిగలని చోట తప్ప దానికి నేను ఒప్పుకోను. ఖాళీ స్థలముంటే కొత్త గదులు పక్కన కట్టుకోవచ్చు.

మొత్తానికి నా ఓటు మరమ్మతుకే. కూల్చే తేదీ ఖరారైతే మాత్రం ఆ రోజే స్టే కోసం వెళ్లాలి, కేసు నడిచినన్నాళ్లూ గేటు దగ్గర జనం ఉండాలి. ఇంకా టైముంటే సమాచార హక్కు కింద ఆ ఇంజినీరు నివేదిక నకలు అడగండి, భవనం ఎవరి పేరున నమోదైందో చూపే మ్యుటేషన్ కాగితాలు తీయించండి, తొలకరికి ముందే పిట్టగోడ మీది రావి మొక్కల్ని వేర్లతో తీయించి నీటి తూములు శుభ్రం చేయించండి. ఈ చివరి పనికి ఎవరి తీర్పూ అక్కర్లేదు, హెడ్మాస్టరు గారు సరే అంటే చాలు.