బ్రేక్ తొక్కడం నేర్పే చోటు: హన్మకొండలో ఒక రేసింగ్ సిమ్యులేటర్ సెంటర్

హన్మకొండ నక్కలగుట్టలో మెయిన్ రోడ్డు దిగి గల్లీలోకి తిరిగితే, కింద మెడికల్ షాపు ఉన్న ఒక కాంప్లెక్స్ మొదటి అంతస్తులో రేసింగ్ సిమ్యులేటర్ సెంటర్ ఉంది, అంటే స్క్రీన్ ముందు నిజమైన స్టీరింగ్, పెడల్స్‌తో రేసు కారు నడిపే చోటు. నాలుగు సీట్లు. అరగంటకు 250 రూపాయలు, గంటకు 450. నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టి రిటైరయ్యాను. ఎనిమిదో తరగతి చదివే మా మనవడిని ఇక్కడికి తీసుకొచ్చేది నేనే, వాడి పక్క సీట్లో నేనూ కూర్చుని నడిపాను. మన ఊళ్లో పిల్లలకు గేమ్‌లు ఆడించే పార్లర్లు చాలానే ఉన్నాయి. దీన్ని ఆ లెక్కలో వేయకండి. ఇక్కడ బ్రేక్ తొక్కడం నేర్పిస్తారు.

ముందు సామాను గురించి చెప్తాను. స్టీరింగ్‌లు నాలుగూ డైరెక్ట్ డ్రైవ్‌వి. అంటే బెల్టు, గేర్లు లేకుండా మోటార్ షాఫ్ట్‌కే చక్రం బిగించి ఉంటుంది. టైరు పట్టు తప్పుతుంటే ఆ సంగతి చేతికి వెంటనే తెలుస్తుంది. బస్సులో తడిసిన రోడ్డు మీద ముందు చక్రాలు తేలిపోతుంటే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది. డ్రైవర్లకు ఆ తేలిక అంటే భయం. ఇక్కడ స్టీరింగ్ సరిగ్గా అలాగే తేలికైంది. అది చూశాకే ఈ మిషన్ మీద నాకు నమ్మకం కుదిరింది.

అసలు విషయం పెడల్స్‌లో ఉంది. కిటికీ వైపున్న రెండు సీట్లకు లోడ్ సెల్ పెడల్స్ పెట్టారు. మామూలు పెడల్ మన కాలు ఎంత లోపలికి పోయిందో కొలుస్తుంది. లోడ్ సెల్ ఉన్నది ఎంత బలంగా తొక్కామో కొలుస్తుంది. పెడల్ పెద్దగా కదలదు, కానీ తొడ నొప్పి పుడుతుంది. కారు రేసుల్లో అన్నిటికన్నా పై స్థాయి ఫార్ములా 1. ఆ కారులో డ్రైవర్ బ్రేక్ మీద 100 కిలోలకు పైగా బరువు మోపాలి, మన కార్లలో తొక్కిన బలాన్ని పెంచే బూస్టర్ సాయం దానికి ఉండదు. చక్రం జామ్ కాకుండా కాపాడే ఏబీఎస్ కూడా ఉండదు, దాన్ని 1994లోనే నిషేధించారు. ఏం చేసినా డ్రైవర్ కాలే చేయాలి.

నా ఉద్యోగమంతా దీనికి తిరగేసి నడిచింది. బస్సుకు ఎయిర్ బ్రేకులు. పెడల్ తొక్కితే వాల్వ్ తెరుచుకుంటుంది, బండిని ఆపేది గాలి ఒత్తిడి. కాలికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. మేడారం జాతర స్పెషల్స్ తోలేటప్పుడు, పస్రా దాటి అడవిలోకి పోయాక, బండి నిండా నిలబడ్డ జనం. ఒళ్లో పిల్లలు, నెత్తిన బంగారం, అంటే అమ్మవార్లకు ఇచ్చే బెల్లం, మూటలు. అలాంటి బండిని ఆపాలంటే బ్రేక్ మెల్లగా మొదలుపెట్టి తర్వాత బిగించాలి. మొదట్లోనే గట్టిగా తొక్కితే వెనకున్నవాళ్లంతా వచ్చి మన మీద పడతారు. రేసు కారులో మొదటి క్షణంలోనే ఉన్న బలమంతా పెట్టాలి, తర్వాత కొంచెం కొంచెంగా వదలాలి. ఎందుకంటే వేగం ఎక్కువున్నప్పుడు రెక్కల మీదుగా పోయే గాలి కారును రోడ్డుకు అదిమి పెడుతుంది, టైర్లు ఎంత బ్రేకైనా తట్టుకుంటాయి. వేగం తగ్గేకొద్దీ ఆ అదుముడు తగ్గిపోతుంది. కాలు అలాగే బిగబట్టి ఉంచితే చక్రాలు జామై కారు నేరుగా జారిపోతుంది.

సెంటర్ నడిపేది మెకానికల్ చదివిన కుర్రాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎంత బతిమాలినా ఫార్ములా కారు ఇవ్వడు. ముందు చిన్న హ్యాచ్‌బ్యాక్ ఇస్తాడు. అది కుదిరాక ఫార్ములా కార్లలో కింది మెట్టు అయిన ఫార్ములా 4, ఆ తర్వాతే పెద్దది. ప్రతి సెషన్ అయ్యాక బ్రేక్ గ్రాఫ్ స్క్రీన్ మీద పెట్టి చూపిస్తాడు. మా వాడి గ్రాఫ్ మొదట్లో రంపం పళ్లలా ఉండేది, తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం. “ఒక్కసారే తొక్కు, వదిలేది మాత్రం నెమ్మదిగా వదులు తమ్మీ” అని పక్కన నిలబడి ఓపికగా చెప్పాడు. డబ్బు తీసుకుని సీటు చూపించి ఫోన్ పట్టుకునే రకం కాదు. డ్రైవింగ్ స్కూళ్లు చాలా చూశాను, ఇంత శ్రద్ధ వాటిలో కనపడలేదు.

సాధనకు ఎక్కువగా ఇటలీలోని మోంజా ట్రాక్ పెడతాడు. అది సరైన ఎంపిక. పొడుగు స్ట్రెయిట్‌లో గంటకు 330 కిలోమీటర్లు దాటి వచ్చి, మొదటి షికేన్ (వేగం తగ్గించడానికి పెట్టే వంకర మలుపులు) దగ్గర 80కి అటూ ఇటూగా దిగాలి. ఆ ఒక్క చోట మనిషి బ్రేక్ ఎలా తొక్కుతాడో తేలిపోతుంది.

మా మనవడికి మోంజా అంటే ఇంకో కారణంతో కూడా ఇష్టం. వాడి హీరో ఫార్ములా 1 డ్రైవర్ కిమీ ఆంటోనెల్లి. ఇటలీలోని బొలోన్యా పిల్లవాడు, పుట్టింది 2006 ఆగస్టులో. తండ్రి మార్కో కూడా రేసర్, సొంత టీమ్ నడిపినవాడు. కార్టింగ్‌లో, అంటే పిల్లల చిన్న కార్ల రేసుల్లో, ఉండగానే ఫార్ములా 1 టీమ్ మెర్సిడెస్ వాళ్లు పిల్లవాడిని తమ జూనియర్ ప్రోగ్రామ్‌లోకి తీసుకున్నారు. 2022లో ఇటలీ ఫార్ములా 4 గెలిచాడు, 2023లో ఫార్ములా రీజనల్ యూరప్ గెలిచాడు, ఫార్ములా 3 ఆడకుండానే 2024లో ఫార్ములా 2కు పోయాడు. అదే ఏడాది ఆగస్టు 30న, సొంత దేశం జనం ముందు, మోంజాలో తొలిసారి ఫార్ములా 1 ప్రాక్టీసులో దిగాడు. కాసేపటికే పారబోలికా మలుపులో కారు తప్పి గోడకు కొట్టాడు. అది కూడా టీమ్ అసలు డ్రైవర్లలో ఒకడైన జార్జ్ రస్సెల్ కారు. మర్నాడే మెర్సిడెస్ ప్రకటించింది: టీమ్ స్టార్ డ్రైవర్ హామిల్టన్ ఖాళీ చేస్తున్న సీటు ఈ పిల్లవాడిదే అని.

ఈ సంగతి మనవడు చెప్పినప్పుడు నాకు చాలా సంతోషమైంది. బండి గుద్దిన డ్రైవర్‌ను మర్నాడు పిలిచి ఇంకా పెద్ద బండి తాళాలు చేతిలో పెట్టే యజమాని ఎంతమందికి దొరుకుతాడు? వాళ్లు గుద్దుడును చూడలేదు, గుద్దకముందు ఆ పిల్లవాడు నడిపిన వేగాన్ని చూశారు. వేగం ఉన్నవాడికి బ్రేక్ నేర్పవచ్చు.

2025 మార్చిలో మెల్‌బోర్న్‌లో మొదటి రేసు. వాన. 16వ స్థానంలో మొదలుపెట్టి 4వ స్థానంలో ముగించాడు. అప్పటికి అతడికి 18 ఏళ్లు, మామూలు కారు లైసెన్సు వచ్చి రెండు నెలలే. ఏప్రిల్‌లో జపాన్‌లో, ఫార్ములా 1 రేసును ముందుండి నడిపిన అతిచిన్న వయస్కుడయ్యాడు. జూన్‌లో కెనడాలో 3వ స్థానంతో పోడియం ఎక్కాడు. ఆ వేసవిలోనే స్కూలు ఆఖరి పరీక్షలు కూడా రాశాడు. ఈ ముక్క నేను మా బిడ్డకు, అంటే వాడి తల్లికి, ప్రత్యేకంగా చెప్పాను. “రేసులు రేసులే, పరీక్షలు పరీక్షలే బిడ్డా, వాడే రాసిండు, నీ కొడుకు రాయడా” అని. మధ్యలో యూరప్ రేసుల్లో ఆంటోనెల్లికి వరసగా దెబ్బలు తగిలాయి, ఒక్క పాయింటూ రాని వారాలు గడిచాయి. సీజన్ చివరికి కోలుకుని బ్రెజిల్‌లో 2వ స్థానం తెచ్చుకున్నాడు.

వయసు గురించి పిల్లలు ఇక్కడ తెగ వాదించుకుంటారు. నెదర్లాండ్స్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ 2015లో 17 ఏళ్లకే ఫార్ములా 1లో దిగాడు, అప్పటికి రోడ్డు మీద కారు నడిపే లైసెన్సు కూడా లేదు. తర్వాత రూల్ మారింది. ఫార్ములా 1 నడపడానికి కావలసిన సూపర్ లైసెన్సుకు మామూలుగా 18 ఏళ్లు నిండాలి, కింది స్థాయి పోటీల్లో 40 పాయింట్లు సంపాదించాలి. మంచి రూలే. మన దగ్గర బస్సో లారీయో నడపాలంటే 20 ఏళ్లు నిండాలి, వెనక కూర్చునేవాళ్ల ప్రాణం మన చేతిలో ఉంటుంది కాబట్టి. రేసులోనూ పక్క కారులో మనిషే ఉంటాడు.

ఈ సిమ్యులేటర్‌తో ఎంతవరకు పోవచ్చు అని తల్లిదండ్రులు అడుగుతారు. వెర్‌స్టాపెన్ లాంటి ఛాంపియన్ ఇప్పటికీ ఇంట్లో సిమ్యులేటర్ మీద గంటల తరబడి పోటీలు ఆడతాడు. 2025 సెప్టెంబరులో జర్మనీలోని నుర్బర్గ్‌రింగ్‌లో అతడితో కలిసి ఫెరారీ నడిపి గెలిచిన క్రిస్ లలమ్ సిమ్ రేసింగ్ నుంచి వచ్చినవాడే. కాబట్టి దారి ఉంది. కానీ ఇరుకైన దారి. మన దేశం నుంచి ఫార్ములా 1 రేసు ఆడింది ఇద్దరే, 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్. ఇద్దరూ తమిళనాడువాళ్లు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాక్‌లు ఉన్నాయి, మనకు అవి దూరం. 2023లో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఇ రేసు జరిగింది, మరుసటి ఏడాది అది రద్దయింది. పైగా డబ్బు. హామిల్టన్ తండ్రి ఆంథోనీ కొడుకు కార్టింగ్ కోసం ఒకటికి మించి ఉద్యోగాలు చేశాడు. ఫ్రాన్స్ డ్రైవర్ ఒకాన్ తల్లిదండ్రులు ఇల్లు అమ్మి కారవాన్‌లో బతికారు. ఇవన్నీ మనవడికి దాచకుండా చెప్పాను. కోరిక పెద్దదైతే దాని ఖర్చు కూడా పిల్లలకు తెలియాలి.

ఇక లోపాలు. మధ్యాహ్నం పూట ఏసీ చాలదు, నాలుగు కంప్యూటర్లూ నడుస్తుంటే గది వేడెక్కిపోతుంది. సీట్లు వెనక్కి జరుగుతాయి కానీ చిన్నపిల్లలకు సరిపోయేంత ముందుకు రావు. మా వాడి వీపు వెనక దిండు పెట్టాల్సి వచ్చింది, కాలితో బలం పెట్టే పనికి అది మంచిది కాదు. వెంట వచ్చిన పెద్దవాళ్లు కూర్చోవడానికి మెట్ల దగ్గర రెండు ప్లాస్టిక్ కుర్చీలే. ఊగే సీటు అని ఒకటుంది, దానికి అరగంటకు 150 అదనం. అవసరం లేదు. బ్రేక్ వేసినప్పుడు ఫార్ములా 1 డ్రైవర్ మీద పడేది ఒంటి బరువుకు ఐదింతల బలం, దాన్ని ఏ ఊగుడూ చూపించలేదు. ఆ 150తో ఇంకాసేపు మామూలు సీట్లో కూర్చోబెట్టండి. మూడో సీటు పెడల్ ప్లేటు బోల్టు వదులైందని చెప్తే, కుర్రాడు అప్పటికప్పుడు పానా తెచ్చి బిగించాడు.

సాయంత్రం ఆరు దాటితే కాజీపేట నుంచి ఎన్ఐటీ పిల్లలు వస్తారు, కిటికీ వైపు సీట్లు దొరకవు. ఆదివారం పొద్దున పది, పదకొండు మధ్య ఖాళీగా ఉంటుంది, ఏసీ కూడా అప్పుడు సరిపోతుంది. ముందు ఫోన్ చేసి లోడ్ సెల్ ఉన్న సీటే కావాలని అడగండి. పిల్లలకు పల్చటి అడుగు ఉన్న బూట్లు వేయండి. స్పోర్ట్స్ షూ మందపు అడుగుతో పెడల్ ఎంత బిగిసిందో పాదానికి తెలియదు.