ఎలబానా జలపాతానికి ఆరుగురం

ఆస్ట్రేలియాలోని లామింగ్టన్ జాతీయ పార్కుకు వెళ్లడం నాకిది రెండోసారి. మొదటిసారి బ్రిస్బేన్ నుంచి ఒక్కరోజు బస్సు యాత్రలో ఇరవై మందికి పైగా వెళ్లాం. నగరంలో అందరినీ ఎక్కించుకునేసరికి గంట, దారిలో ద్రాక్షతోట దగ్గర మరో గంట గడిచిపోయాయి. అడవికి మిగిలింది నలభై నిమిషాలు. అంత డబ్బు పెట్టి అడవి అంచు చూసి వచ్చామన్న బాధ చాలా రోజులు పోలేదు.

ఈసారి మా అమ్మాయి పట్టుబట్టి ముందురోజే కొండ మీదికి తీసుకెళ్లింది. కనుంగ్రా ఊరు దాటాక 36 కిలోమీటర్లూ ఇరుకు మలుపులే కాబట్టి వెలుగుండగానే చేరుకోవడం మంచిది. పైన 1926 నుంచి నడుస్తున్న ఓరైలీస్ అతిథిగృహం ఉంది, దగ్గర్లోనే క్యాంపు స్థలం ఉంది. అతిథిగృహం సౌకర్యమే కానీ ఖరీదెక్కువ. మేం గుడారంలో పడుకున్నాం. ముందుగా బుక్ చేసుకోవాలి, రాత్రి చలికి మందపాటి దుప్పట్లు ఉండాలి. తెల్లవారుజామున పక్షుల అరుపులకు మెలకువ వచ్చింది. ఒకటి అచ్చం పసిబిడ్డ ఏడ్చినట్టు ఏడుస్తుంటే నేను ఉలిక్కిపడి లేచాను. అది క్యాట్‌బర్డ్ అని తర్వాత తెలిసింది.

నడకకు మేం ఆరుగురం, ఒక గైడు. బాక్స్ ఫారెస్ట్ దారి చుట్టి వస్తే దాదాపు 11 కిలోమీటర్లు. పోకచెట్లను తలపించే పికబీన్ చెట్ల గుంపులు, నేల మీద తడి ఆకుల మెత్తదనం, పైనెక్కడో చిన్న ముక్కలుగా ఆకాశం. ఒకచోట గైడు ఆగి, ఒక బ్రష్‌బాక్స్ చెట్టు మీద చెయ్యి పెట్టమన్నాడు. ఈ అడవిలో ఇలాంటి చెట్లకు కార్బన్ పరీక్ష చేస్తే 1500 ఏళ్ల వయసు తేలిందట. మన దగ్గర విష్ణుకుండినులు ఏలుతున్న రోజుల్లో మొలిచిన చెట్లన్నమాట! చెయ్యి తీయబుద్ధి కాలేదు. పెద్ద గుంపుతో వచ్చి ఉంటే అక్కడ నిమిషం కూడా నిలబడనిచ్చేవారు కాదు.

రాత్రి వాన పడినందువల్ల దారి మధ్యకు నీలిరంగు క్రేఫిష్ (పెద్ద రొయ్యలాంటి జీవి) ఒకటి వచ్చింది. అరచేతిలో సగముంటుంది, ఒళ్లంతా ముళ్లు. మమ్మల్ని చూసి వెనక్కి తగ్గలేదు సరికదా, రెండు గోళ్లూ పైకెత్తి బుసకొట్టింది! అది పక్కకు తప్పుకునే దాకా ఆరుగురమూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. జలగలు మాత్రం తప్పవు. మేజోళ్లలోకి ప్యాంటు దోపుకోండి. దారి పక్కన గుండె ఆకారపు ఆకులున్న జింపీ మొక్క కనిపిస్తే దూరంగా ఉండండి. మన దురదగొండి దాని ముందు ఏమీ కాదు, ఆ మంట నెలల తరబడి తిరగబెడుతుందట.

ఎలబానా ఎత్తయిన జలపాతమేమీ కాదు. నల్లటి రాళ్ల మీదుగా తెల్లటి పాయలై జారుతుంది, చుట్టూ నాచు, ఫెర్న్ మొక్కలు. రాళ్లు బాగా జారతాయి, పైకెక్కే ప్రయత్నం వద్దు. మేం తప్ప అక్కడ ఎవరూ లేరు. తెచ్చుకున్న పులిహోర అందరం పంచుకుని తిన్నాం. గైడు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ దారిలో జలపాతానికి వెళ్లేటప్పుడు దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవారు చేతికర్ర తీసుకెళ్లండి, పొద్దున్నే బయల్దేరండి. మా గైడు నాకోసం ప్రతి మలుపు దగ్గరా ఆగాడు.