కార్పొరేట్ స్కూలా, కార్పొరేషన్ స్కూలా?

మా విజయవాడలో ఈ రెండు మాటలకీ తేడా చివర్లోనే. ఫీజులో మాత్రం బోలెడంత. మా పాపకి ఐదేళ్లు నిండాయి, జూన్‌లో ఒకటో తరగతి. వాచ్‌మన్ కొడుకుదీ అదే వయసు. రోజూ సాయంత్రం ఇద్దరూ సెల్లార్‌లో మోటారు పక్కన ఇటుక ముక్కలు పేర్చి వంట చేసుకుంటారు. వీళ్లని ఎక్కడ వెయ్యాలన్న టెన్షన్ రెండిళ్లలోనూ ఒకేసారి మొదలైంది.

ముందు కార్పొరేట్ స్కూలు చూశాం. ఏసీ గది, గోడ నిండా ర్యాంకర్ల ఫొటోలు. ఒకటో తరగతి పిల్లకి ఐఐటీతో ఏం పనండీ అని అడగబోతే మా వారు మోచేత్తో పొడిచారు. అడ్మిషన్లు చూసే ఆవిడ పాపకి ఒక కాగితం ఇచ్చి చదవమంది. మూడో మాట దగ్గర పిల్ల ఆగిపోయి నా చున్నీ పట్టుకుంది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలకి ఏ పరీక్షా పెట్టకూడదు. మొదటిసారి పెడితే 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. తెలిసి కూడా నోరు మెదపలేదు నేను. సీటు రాదేమోనని భయం. తర్వాత ఫీజు కాగితం ఇచ్చారు: ట్యూషన్, పుస్తకాలు, యూనిఫాం, బస్సు కలిపి 78,000. 'ఇవాళే కట్టేస్తే ఐదు వేలు తగ్గిస్తాం మేడం.' ఆషాఢంలో చీరల కొట్టు గుర్తొచ్చింది.

ఈ ఫీజులకి పగ్గం వెయ్యాలని ప్రభుత్వం చూడకపోలేదు. 2021 ఆగస్టులో జీవో 53 ఇచ్చి, కార్పొరేషన్ల పరిధిలో ప్రైమరీకి ఏడాదికి 12,000 రూపాయలని గరిష్ఠ ఫీజు పెట్టింది. యాజమాన్యాలు కోర్టుకెళ్లాయి, డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. అద్దె గదిలో నడిచే చిన్న బడికీ వందల బ్రాంచీలున్న గొలుసు సంస్థకీ ఒకే రేటు కట్టడం నాకూ సబబనిపించలేదు. కానీ ఆ తీర్పు వల్ల గట్టిగా ఊపిరి పీల్చుకున్నది చిన్న బడి కాదని మాత్రం చెప్పగలను.

ఫీజు సంగతి అలా ఉంచి, నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది బ్యాగు. మా అక్క కొడుకు అలాంటి బడిలోనే రెండో తరగతి. వాడి బ్యాగుని సూట్‌కేసుల తూకానికి తగిలిస్తే 4 కిలోల 300 గ్రాములు. కేంద్రం 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఒకటి, రెండు తరగతులకి 1.6 నుంచి 2.2 కిలోలు దాటకూడదు, హోంవర్కే ఉండకూడదు. వాడు రాత్రి తొమ్మిదింటికి కునుకుతూ ఎక్కాలు రాస్తుంటాడు. అయితే వాళ్లలో ఒకటి మెచ్చుకోవాలి. టీచరు సెలవు పెడితే క్లాసు ఖాళీగా ఉండదు, బస్సు లేటయితే మెసేజ్ వస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో ఇది చిన్న సంగతేం కాదు.

కార్పొరేషన్ స్కూలు మా ఇంటికి ఎనిమిది నిమిషాల నడక. బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో వేసిన రంగులు కొంచెం పెచ్చులూడాయి, బాత్రూముల్లో నీళ్లు వస్తున్నాయి (ముందు అదే చూశాను). హెడ్మిస్ట్రెస్ ఫ్యాన్ కింద కూచుని హాజరు ఎక్కిస్తున్నారు. పిల్లని ఏమీ అడగలేదు, పేరు తప్ప. అక్కడ టీచర్లంతా ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష డీఎస్సీ రాసి వచ్చినవాళ్లు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి లక్షల మంది పోటీపడ్డారు. 78,000 అడిగిన చోట టీచరుకి జీతమెంత, ఏం చదివారు అంటే ఎవరూ చెప్పలేదు.

లోటు లేదా అంటే, ఉంది. రెండు తరగతుల్ని ఒకే గదిలో కూచోబెట్టే బడులు ఇంకా ఉన్నాయి. ఒక టీచరు ఆ పక్క ఎక్కాలు చెప్తూ ఈ పక్క అ ఆలు దిద్దిస్తే ఏ పిల్లకీ న్యాయం జరగదు. 2025లో మోడల్ ప్రైమరీ స్కూళ్లని పెట్టి తరగతికొక టీచరు అన్నారు. మాది ఆ లెక్కలోకి వచ్చింది. రాకపోయి ఉంటే నేను వేసేదాన్ని కాదు.

సందు చివర చిన్న ప్రైవేటు బడి కూడా ఉంది. ఫీజు 18,000, ఆట స్థలం మేడ మీద. ఒకసారి చూసి వచ్చేశాం.

చివరికి కార్పొరేషన్ స్కూలే అనుకున్నాం, కనీసం ఐదో తరగతి వరకు. అసలు కారణం డబ్బు కాదు. అక్కడ పేరెంట్స్ కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. అన్నం ఉడకలేదని నేను అక్కడ అడగగలను. కార్పొరేట్ స్కూల్లోనేమో ఫీజు కౌంటర్లో కిటికీ అవతల కూచున్న అమ్మాయి తప్ప అడగడానికి ఎవరూ లేరు. మా అత్తగారికి నచ్చలేదు. 'పనివాళ్ల పిల్లలతోనా?' అన్నారు. ఇప్పుడు సెల్లార్‌లో ఆడుకునేది ఎవరితో అన్నాను.

నేను లెక్క తప్పింది ఇక్కడే. పిల్లలిద్దరూ కలిసి వెళ్తారనుకున్నాను. వాచ్‌మన్ భార్య వాళ్లవాణ్ణి కార్పొరేట్ స్కూల్లో వేస్తానంది. తల్లికి వందనం కింద ఖాతాలో పడే 13,000, మిగతాది చీటీ పాడి కడతారట. ఆ పథకం ప్రైవేటు బడి పిల్లలకీ వర్తిస్తుంది. అంటే సర్కారు సొమ్ము ఆవిడ ఖాతాలోంచి నేరుగా ఆ ఏసీ గదికే పోతుంది. కారున్న మాకు రాదు, రాకపోవడమే న్యాయం.

"గుడ్డు పెడతారు, ఊరికే పుస్తకాలిస్తారు, అప్పెందుకు?" అన్నాను.

"మీ పాపని ఎక్కడేసినా ఇంటికాడ మీరు చెప్పుకుంటారమ్మా. మావోడికి చెప్పడానికి నాకు అచ్చరమ్ముక్క రాదు గదా," అంది.

ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతికి 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అప్పు చేసే ముందు అది అడిగి చూద్దామన్నాను. శనివారం ఆధార్ జిరాక్సులు పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్తున్నాం, ఇద్దరం.