యాప్ టాక్సీ: డ్రైవరుకి మూడు నెలలు, కంపెనీకి ఐదుకి ఒకటిన్నర

పేరు రాయను. విజయవాడలో ఫోన్‌లో బుక్ చేసుకునే టాక్సీల్లో ఇదొకటి. బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను, రెండేళ్లుగా దీన్నే వాడాను. కార్లు బాగుంటాయి, అడిగితే ఏసీ వేస్తారు, ఆటో బేరం కంటే నయం. మార్చి దాకా అయితే ఐదుకి నాలుగు ఇచ్చేదాన్నే.

మార్చిలో అమ్మకి మోకాలు చూపించడానికి సూర్యారావుపేట తీసుకెళ్లాను. బయటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. రామవరప్పాడుకి 210 రూపాయలు చూపించింది. మేం ఎక్కి కూర్చోగానే డ్రైవరు "క్యాన్సిల్ కొట్టేసి, క్యాష్ మూడొందలు ఇవ్వండి" అన్నాడు. కుదరదన్నాను. ఏలూరు రోడ్డు పొడవునా సణుగుతూనే ఉన్నాడు. సిగరెట్ కూడా వెలిగించాడు. గుణదల దగ్గర బండి ఆపి దిగమన్నాడు. అమ్మ "బాబూ, కాలు కింద పెట్టలేను" అంటే, "అయితే అంబులెన్సు పిలుచుకో మామ్మా" అన్నాడు. గుణదల పేరెత్తితే చాలు, అమ్మ ఇప్పటికీ ఆ మాటే తలుచుకుంటుంది.

ఆ రాత్రే యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మెసేజీ, దాంతో 50 రూపాయల కూపన్ వచ్చాయి. మళ్లీ రాస్తే అదే మెసేజీ, ఈసారి కూపన్ కూడా లేదు. ఇక లాభం లేదని రవాణా శాఖకి కాగితం రాసిచ్చాను. ట్రిప్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం ఎంత మంచిదైందో అక్కడ తెలిసింది. బండి నంబరు, టైము అన్నీ అందులోనే ఉన్నాయి.

1988 మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం, డ్రైవరు చెప్పుకునేది విన్నాకే లైసెన్సు ఆపాలి. ఏ పనులకి ఆపొచ్చో 1989 కేంద్ర నిబంధనల్లో 21వ నిబంధన చెబుతుంది. ప్రయాణికులతో అమర్యాదగా ప్రవర్తించడం, టాక్సీ నడుపుతూ సిగరెట్ కాల్చడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. నాకవేం తెలుసు, అక్కడి గుమాస్తా చూపించాడు.

విచారణ రోజున చూస్తే, అతని మీద ఇంకో ఇద్దరి ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, పాతికేళ్లుంటాయేమో. "పొద్దున ఐదింటికి లాగిన్ అయ్యాను సార్. ఇన్సెంటివ్‌కి ఇంకా రెండు ట్రిప్పులు తక్కువ" అన్నాడు. అంటే మేం ఎక్కేటప్పటికి పదిహేను గంటలు. యాప్ టాక్సీల డ్రైవరు రోజుకి 12 గంటలకి మించి లాగిన్‌లో ఉండకూడదని 2020లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి ట్రిప్పూ లెక్కపెట్టే కంపెనీకి ఈ గంటలు కనిపించలేదా? వాళ్ల తరఫున ఒక్కరూ రాలేదు.

లైసెన్సు మూడు నెలలు ఆపారు. 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని చెప్పారు. అలిసిపోయినవాడైనా అమ్మతో ఆ మాట అనకూడదు, కాబట్టి శిక్ష సబబే అంటాను. బయట మెట్ల దగ్గర "మామ్మగారి కాలు ఎలా ఉందండీ" అని అడిగాడు. మనసులోంచి అడిగాడో, అప్పీలు కోసం అడిగాడో తేల్చుకోలేకపోయాను. "తగ్గలేదు" అని వచ్చేశాను.

కంపెనీకి ఒకటిన్నర, అందులో అర ఏసీకి. కూపన్ గడువు అయిపోతోందని మాత్రం రెండు రోజులు వరసగా గుర్తు చేశారు.

ఇప్పుడు అమ్మని తీసుకెళ్లాలంటే మా వీధి చివర ఆటో అతన్నే పిలుస్తున్నాను. యాభై ఎక్కువే అడుగుతాడు. గేటు దాకా తెచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని దింపుతాడు.