కానుక కవర్ల సెట్: ఐదొందల నోటు మడవకుండా పట్టేది కొనండి

డిసెంబరులో క్రైస్తవ పుస్తకాల షాపుల్లో క్యాలెండర్ల పక్కనే, చర్చికి ఇచ్చే డబ్బు పెట్టే కానుక కవర్ల కట్టలు కూడా దిగుతాయి. కుటుంబానికి పన్నెండు. పైన రాబడిలో పదోవంతు (దశమభాగం) తెమ్మనే బైబిలు వాక్యం మలాకీ 3:10, కింద పేరు, నెల, మొత్తం అని మూడు గీతలు. సంఘ కమిటీ రేటు అడుగుతుంది, సంఘం పేరు అచ్చు వేయిస్తుంది, తెచ్చేసుకుంటుంది. తంటా అంతా తర్వాత, ఆరాధన అయ్యాక లెక్కపెట్టే బల్ల దగ్గర.

ముందు సైజు సంగతి. చవగ్గా దొరికేది అయిదు అంగుళాలు కూడా లేని బుల్లి కవరు. ఐదొందల నోటు పొడవు 150 మి.మీ., అంటే దాదాపు ఆరు అంగుళాలు. వంద నోటు 142 మి.మీ. రెండూ మడవందే పట్టవు. మడత నోట్లు ఒకదాని పొట్టలో ఒకటి దూరుతాయి, లేదంటే ఒకే నోటు రెండు అంచులు రెండు నోట్లుగా లెక్కలోకి వస్తాయి. ఆదివారం మధ్యాహ్నం వంద రూపాయలు ఎక్కువో తక్కువో వచ్చి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టారంటే, చాలాసార్లు కారణం ఇదే. ఆరున్నర అంగుళాల పొడవు, మూడున్నర వెడల్పు అడగండి. రెడీగా లేకపోతే ప్రెస్సువాళ్లు చేసిస్తారు.

కాగితం 60 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 60 గ్రాములు) అయితే కిటికీ వైపు పెట్టగానే లోపలి నోటు రంగు తెలిసిపోతుంది. పసుపుపచ్చగా ఉంటే రెండొందలు, లేత ఊదాగా ఉంటే వంద. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికే తెలియకూడదంటే, కానుక సంచి పట్టుకుని తిరిగే కుర్రాడికి ఎలా తెలియనిస్తాం? 90 జీఎస్ఎమ్ గోధుమరంగు కాగితం సరిపోతుంది. గమ్ము రాసిన మూతలు వద్దు. వానాకాలం తేమకి బీరువాలోనే ఖాళీ కవర్లు అంటుకుపోతాయి, డబ్బు పెట్టి అంటించినవి చింపితే లోపలి నోటు కూడా చిరుగుతుంది. లోపలికి దోపే మూత మంచిది.

అసలు చూడాల్సింది గడులు. కవరు మీద ‘దశమభాగం’ అని ఒక్కటే ఉంటే, వెయ్యి దశమభాగం, రెండొందలు కృతజ్ఞతార్పణ, వంద పేదల నిధికి ఇచ్చే ఆవిడ అన్నీ అందులోనే పెట్టి వెనకాల పెన్సిల్‌తో రాస్తుంది. బల్ల దగ్గర వెనక వైపు ఎవరూ తిప్పి చూడరు. మొత్తం జనరల్ ఖాతాలో పడుతుంది, పేదల వంద కరెంటు బిల్లుకి పోతుంది. దొంగతనం కాదు గానీ ఇచ్చినావిడ ఉద్దేశం మాత్రం పోయింది. గృహనిర్వాహకుడంటే పరాయి సొమ్ముకి లెక్క చెప్పేవాడు కదా. దశమభాగం, కృతజ్ఞత, పేదలు, మిషనరీ సేవ, భవనం: ఈ ఐదు గడులు, అడుగున మొత్తం. ఇంకా పెంచితే జనం ఏదీ నింపరు.

నెల పేరు అచ్చు వేసిన సెట్ కొనకండి. జీతగాళ్లకి పర్వాలేదు. వరి రైతుకి డబ్బు పంట అమ్మినప్పుడే. నాలుగు ఖాళీ కవర్లు గూట్లో కనిపిస్తుంటే కానుక కాస్తా బాకీ పడ్డ చిట్టీ వాయిదాలా అనిపిస్తుంది, ఆ మనిషి గుడికి రావడమే తగ్గిస్తాడు. వర్ధిల్లిన కొలదీ ఇమ్మని 1 కొరింథీ 16:2. తేదీ గీత ఖాళీగా ఉన్న సెట్టే న్యాయం.

ఇంకా పల్లెకి వెళ్తే కవరు కంటే పిడికెడు బియ్యం డబ్బాయే మేలు. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టే పద్ధతి అది. 1912లో దోర్నకల్‌కి బిషప్ అయిన అజరయ్య, చేతిలో రొక్కం ఆడని ఇలాంటి కుటుంబాల మధ్యే ఇవ్వడం గురించి బోధించాడు. చిక్కేమిటంటే దొడ్డు బియ్యం, సన్న బియ్యం కలిసిపోతాయి, నెలాగితే పురుగు పడుతుంది. వారం వారం తూచి కిలోలు రాసి, అప్పుడే వేలం వేయాలి. పుస్తకంలో తూకం, వేలం ధర రెండూ ఉండాలి.

క్యూఆర్ కోడ్ కవరుకి తోడు మాత్రమే. ఖాతా సంఘం పేరున ఉండాలి, పాస్టరుగారి సొంత నంబరు అస్సలు వద్దు. స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అంటించే మోసాలున్నాయి, అందుకే ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు ఒకరు స్కాన్ చేసి పేరు సరిచూడాలి. దేనికిచ్చారో ఫోన్లో దాదాపు ఎవరూ రాయరు. కవరు మీద ఫోన్లో డబ్బు పంపాక వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరుకి ఒక గీత ఉంటే, ఖాళీ కవరు వేసినా లెక్క కలుస్తుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న చుట్టాలు పంపేది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంఘమైనా ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాలోనే తీసుకోవాలి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్లకి ఈ గొడవ లేదు. కొన్ని సెట్ల వెనక ‘పన్ను మినహాయింపు కలదు’ అని కూడా అచ్చేస్తున్నారు. ఒక్క మతస్థుల కోసమే నడిచే సంస్థకి, దాతలకి ఆదాయపన్ను మినహాయింపునిచ్చే గుర్తింపు (80జీ అనేది) రాదు, ఆడిటర్‌ని అడక్కుండా ఆ మాట వేయించకండి.

ఎంత మంచి కవరైనా విప్పే పద్ధతి లేకపోతే దండగ. బంధుత్వం లేని ఇద్దరు, అదే రోజు, అదే గదిలో విప్పాలి. పైన రాసిన అంకెకీ లోపలి డబ్బుకీ తేడా వస్తే ఆ కవరు మీదే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బైబిల్లో యెరూషలేము పేదల చందాకి అపొస్తలుడు పౌలంతటివాడే సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడు పెట్టుకున్నాడు. ఖాళీ కవర్లు ఆడిట్ అయ్యేదాకా పారేయొద్దు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి వాళ్ల చేతిరాత ఉండేది అక్కడే.

సండే స్కూల్ పిల్లలకి మాత్రం ఈ కవర్లు పనికిరావు. పది రూపాయల బిళ్లలు రెండు వేస్తే మూల చిరిగి బెంచీ కింద దొర్లుతాయి. నాడా ఉన్న చిన్న గుడ్డ సంచులు కుట్టించండి.