భుజం ఇంప్లాంట్ కొనేవాళ్లకి జాగ్రత్త: స్టిక్కర్, బిల్లు లేకుండా డబ్బు కట్టకండి

ఎముక కాన్సర్ ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న కుటుంబాలు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మా అక్క కొడుక్కి కుడి జబ్బ ఎముక, అంటే హ్యూమరస్, పైభాగంలో ఆస్టియోసార్కోమా అనే ఎముక కాన్సర్ వచ్చింది. కీమో ఇచ్చాక గడ్డతో పాటు భుజం కీలు వైపు ఎముక తీసేసి, ఆ చోట మెగా ప్రొస్థెసిస్, అంటే తీసేసిన ఎముకకీ కీలుకీ బదులుగా పెట్టే పెద్ద లోహపు ఇంప్లాంట్, పెట్టారు. గడ్డ తీయడంలో సర్జన్‌ని ఏమీ అనలేను. అంచుల్లో కాన్సర్ లేదని బయాప్సీ రిపోర్ట్ వచ్చింది, చెయ్యి దక్కింది. నా గోడంతా ఇంప్లాంట్ అమ్మిన డీలర్ గురించి, అతన్ని నేరుగా వార్డులోకి పంపిన ఆసుపత్రి గురించి.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం అతను మా బావ దగ్గరికి వచ్చి, "ఇది ఇంపోర్టెడ్ టైటానియం, చెయ్యి ఎప్పటిలా పైకి లేస్తుంది, ఇవాళే కట్టకపోతే రేపు లిస్టులో పేరుండదు" అన్నాడు. 4,80,000 రూపాయలు క్యాష్‌గానే కావాలన్నాడు. ఇచ్చింది ఒక చీటీ. దాని మీద తయారీ కంపెనీ పేరు లేదు, జీఎస్టీ నంబర్ లేదు. అసలు ఆ తొందర ఎందుకు? ఈ కాన్సర్‌కి చాలామందికి ఆపరేషన్ కంటే ముందే కొన్ని వారాలు కీమో నడుస్తుంది. కొలతలు తీసుకుని ఇంప్లాంట్ తెప్పించేది ఆ సమయంలోనే. ధర అడగడానికి, ఇంకో పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి కూడా అదే సమయం.

చెయ్యి ఎప్పటిలా లేస్తుందన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. చెయ్యి పైకి లేపేది డెల్టాయిడ్ కండరం, భుజం చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ అనే కండరాల గుంపు. డెల్టాయిడ్‌ని పని చేయించేది ఆక్సిలరీ నరం. గడ్డ వాటి దాకా పాకితే వాటినీ తీసేయాల్సిందే. అప్పుడు ఎంత ఖరీదైన లోహం పెట్టినా చెయ్యి భుజం ఎత్తుకి రావడం కష్టం. మోచెయ్యి, వేళ్లు పని చేయడం పెద్ద విజయమే, కానీ పదిహేడేళ్ల పిల్లాడు క్రికెట్ ఆడతానని ఎదురుచూశాడు. డెల్టాయిడ్, నరం రెండూ మిగిలితే కొందరికి రివర్స్ షోల్డర్ (కీలులో బంతి, గిన్నె చోట్లు తారుమారు చేసిన) రకం పెడతారు, అందులో కదలిక మెరుగ్గా ఉంటుంది. ఏ కండరం మిగులుతుందో చెప్పాల్సింది సర్జన్, అమ్మేవాడు కాదు. అందరికీ లోహమే పెట్టాలని కూడా లేదు. బోన్ బ్యాంక్‌లో దాచిన దాతల ఎముక, కాలి నుంచి తీసిన ఫిబులా అనే సన్న ఎముక, రేడియేషన్ ఇచ్చి తిరిగి పెట్టే రోగి సొంత ఎముక, ఇవీ దారులే. మీ కేసుకి ఏది, ఎందుకు అని అడగండి.

కొన్ని నెలలకి ఇంప్లాంట్ తల పైకి జారి నొప్పి మొదలైంది. ఇంకో ఆసుపత్రి డాక్టర్ మొదట అడిగింది: ఏ కంపెనీ, స్టెమ్ (ఎముక లోపలికి దిగే కడ్డీ) సైజు ఎంత, చుట్టూ మెష్ (కండరాలు కుట్టడానికి వాడే వల) కట్టారా? డిశ్చార్జ్ సమ్మరీలో "మెగా ప్రొస్థెసిస్ పెట్టాము" అని ఒక్క లైనే ఉంది. ఒక కంపెనీ భాగాలు ఇంకో కంపెనీ వాటికి సరిపోవు. వివరాలుంటే ఒక్క భాగం మారిస్తే సరిపోయే అవకాశం ఉండేది. ఇప్పుడు మొత్తం తీసి కొత్తది పెట్టాల్సి రావొచ్చంటున్నారు.

ప్రతి ఇంప్లాంట్ ప్యాకెట్‌తో పేరు, సైజు, బ్యాచ్ నంబర్ ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేస్ షీట్‌లో, ఒకటి మీ ఫైల్‌లో అంటించమని ఆపరేషన్‌కి ముందే అడగండి. డబ్బు ఆసుపత్రి బిల్లులోనో, జీఎస్టీ ఇన్‌వాయిస్ మీదనో మాత్రమే కట్టండి. 2017 ఆగస్టులో కేంద్రం కాన్సర్ రోగుల మోకాలి ఇంప్లాంట్లకి పన్ను కాకుండా 1,13,950 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. భుజానిది ఆ ఉత్తర్వులో లేదు, కాబట్టి ఎంఆర్‌పీ చూపించమని మీరే గట్టిగా అడగాలి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు కేస్ రికార్డుల కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి, రికార్డులు మూడేళ్లు ఉంచాలి. మేమూ పెట్టాం. ఆపరేషన్ నోట్స్ వచ్చాయి, స్టిక్కర్ పేజీ మాత్రం రాలేదు. దాని కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాం.