ఖాళీ పిస్టల్ ఒరల కోసం మూడు రోజులు: హార్ట్‌ఫర్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్, బ్రిమ్‌ఫీల్డ్

నాకు తుపాకీలు లేవు, కొనే ఉద్దేశం కూడా లేదు. నా పిచ్చి అంతా వాటిని పెట్టుకునే తోలు ఒరల మీద, అంటే అమెరికా ఆర్మీ వాడిన పాత హోల్‌స్టర్లు, ముఖ్యంగా 1918 దాకా వచ్చినవి. మా ఆవిడ "కత్తి లేని ఒర, పిస్టల్ లేని హోల్‌స్టర్, ఏం మనిషివయ్యా" అంటుంది, అది వేరే విషయం. మొన్న సెప్టెంబర్లో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మా బావమరిదిని కార్లో వేసుకుని మూడు రోజులు తిరిగొచ్చా, ఇలాంటి పిచ్చి ఇంకెవరికైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను ఏ చోటుకైనా మార్కులు వేసేది ఒకే లెక్కతో, హోల్‌స్టర్‌ని వెనక్కి తిప్పి చూడనిచ్చారా లేదా అని. ఎందుకంటే దీని జాతకమంతా వీపు మీదే ఉంటుంది. ముందు వైపు మూత మీద గుడ్డు ఆకారంలో గీత, అందులో యూఎస్ అన్న అక్షరాలు, అది లక్షల వాటి మీద ఉంది. ఎవరు కుట్టారు, ఏ ఏడు, చెక్ చేసిన ఇన్‌స్పెక్టర్ పొడి అక్షరాలు ఏంటి అన్నవి మాత్రం వెనకాలే అచ్చు కొట్టి ఉంటాయి.

మొదట కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్. హైవే మీద నుంచే కోల్ట్ అనే రివాల్వర్ల కంపెనీ పాత ఫ్యాక్టరీ నీలం గుమ్మటం కనిపిస్తుంది, దాన్ని చూడగానే మావాడు "బావా ఇదేంటి మసీదా" అన్నాడు. స్టేట్ లైబ్రరీ బిల్డింగ్‌లో ఉన్న మ్యూజియం ఆఫ్ కనెక్టికట్ హిస్టరీలో కోల్ట్ కలెక్షన్ ఉంది, టికెట్ లేదు, జనం లేరు, ప్రశాంతంగా ఉంది, టైమింగ్స్ మాత్రం చూసుకుని వెళ్ళండి. రివాల్వర్లు అద్భుతం. కానీ అన్నీ అద్దం వెనకే కదా, నా లెక్కలో మార్కులు తక్కువే.

అక్కణ్ణించి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ అరగంట. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ ఒక కాలేజీ క్యాంపస్ పక్కనే ఉంది, ఇదీ ఫ్రీ, నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళది. 1794లో ఆర్మీ తుపాకుల తయారీ కోసం ఏర్పాటై 1968లో మూతపడింది. మస్కెట్లని, అంటే పాతకాలపు పొడుగు తుపాకుల్ని, నిలువుగా వరసలు వరసలుగా పేర్చిన పెద్ద చట్రం ఉంటుంది, దాని ముందు మావాడు పదిహేను నిమిషాలు నిలబడ్డాడు. నా విషయానికొస్తే ఇది ఇనుము, చెక్క పని చేసిన చోటు, తోలు కథ ఎక్కువగా ఇల్లినాయ్‌లో ఉన్న ఆర్మీ కార్ఖానా రాక్ ఐలాండ్ ఆర్సెనల్‌ది, అందుకే కొంచెం నీరసపడ్డా. అయినా ఇక్కడ రేంజర్ ఓపిక్కి దండం పెట్టాలి. సివిల్ వార్ హోల్‌స్టర్లు నల్లగా, మూతతో, కుడి నడుముకి కట్టినా పిస్టల్ పిడి ముందుకి ఉండేలా ఎందుకు చేశారని అడిగితే, గుర్రపు సైనికుడికి కుడి చేతిలో కత్తి ఉంటుంది కాబట్టి ఎడం చేతికి అందాలని, ఎక్కువమంది చెప్పే కారణం అదేనని, పక్కన బల్ల మీదున్న పెన్ను తన బెల్టులో దోపుకుని మరీ చూపించాడు. అంతకుముందు రివాల్వర్లు లేని రోజుల్లో ఒక్క గుండు పిస్టల్స్‌ని జీను ముందు రెండు వైపులా వేలాడే జంట సంచుల్లో పెట్టుకునేవాళ్ళు, నడుముకి కాదు, గుర్రానికి.

రాత్రి బస దగ్గర తప్పు చేశా. బ్రిమ్‌ఫీల్డ్ యాంటిక్ సంత వారంలో చుట్టుపక్కల రూములు దొరకవు, దొరికినా రేటు రెట్టింపు. నేను ఆఖర్లో బుక్ చేసిన మోటెల్‌లో ఏసీ రాత్రంతా ట్రాక్టర్‌లా మోగింది, ఉదయం వేడినీళ్ళు కూడా లేవు. రిసెప్షన్లో అడిగితే "ఈ వారం అందరూ ఇదే కంప్లైంట్" అని, అదేదో నాకు ఊరటైనట్టు చెప్పాడు. మీరు పక్కనున్న స్టర్‌బ్రిడ్జ్‌లో రెండు నెలల ముందే బుక్ చేసుకోండి, లేదా స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉండి పొద్దున్నే డ్రైవ్ చేసుకోండి. మాకు తిండి మాత్రం ఇబ్బంది లేదు, ఐస్ బాక్సులో పులిహోర, పెరుగన్నం ఉన్నాయి.

బ్రిమ్‌ఫీల్డ్ సంగతి చెప్పాలి. ఏడాదికి మూడుసార్లు, మే, జులై, సెప్టెంబర్లలో మంగళవారం నుంచి ఆదివారం దాకా, రూట్ 20 పొడుగునా దాదాపు మైలు దూరం పొలాల్లో టెంట్లే టెంట్లు. ఒక్కో పొలానికి ఒక్కో ఓనరు, తెరిచే రోజూ టైమూ వేరు, మన ఊళ్ళో తిరనాళ్ళలా ఉంటుంది. పార్కింగ్‌కి క్యాష్, కొనడానికి క్యాష్, బురదకి బూట్లు, ఇవి మర్చిపోవద్దు. ఇక్కడ ఎవరూ అద్దం వెనక పెట్టరు, చేతిలోకి తీసుకో, తిప్పు, వాసన చూడు. ఆ వాసనే నన్ను కాపాడింది. ఒకాయన "ఒరిజినల్, 1917" అని బల్లగుద్ది చెప్పిన హోల్‌స్టర్ ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త చెప్పుల షాపు వాసన. అచ్చు చూస్తే తోలు మెరుపుని కోసుకుంటూ లోపల తాజా రంగు కనిపిస్తోంది. పాత అచ్చు అయితే అంచులు కూడా తోలుతో పాటే ముదురుతాయి. మావాడు నెమ్మదిగా "బావా, ఇది మన దేశం సరుకేమో" అన్నాడు, నవ్వొచ్చింది గానీ ఇండియాలో కుట్టిన నకళ్ళు అమెరికాలో నిజంగానే అమ్ముతారు.

ఇంకో పొలంలో ఒక పెద్దావిడ దగ్గర పెట్టె అడుగున దొరికింది, నల్ల రంగు ఎం1916 మోడల్ హోల్‌స్టర్, మూత ఎండి బిగుసుకుపోయి ఉంది. నలుపు చూసి చాలామంది వదిలేస్తారు. ఆర్మీ 1900ల మొదట్లో నలుపు మానేసి రస్సెట్ అనే ఇటుక రంగు తోలుకి వచ్చింది, మళ్ళీ 1950ల్లో నలుపుకి వెళ్ళినప్పుడు పాతవాటికి రంగు పూసేశారు, కాబట్టి పైన నలుపున్నా లోపల చూడాలి. మూతెత్తితే లోపల ఇటుక రంగే. వెనక జీ అండ్ కే, 1918. అంటే గ్రాటన్ అండ్ నైట్, ఉస్టర్‌లో ఫ్యాక్టరీ మెషీన్లకి తోలు బెల్టులు చేసే కంపెనీ, యుద్ధం వచ్చేసరికి ఇవీ కుట్టింది. ఆ ఊరు అక్కణ్ణించి 30 మైళ్ళ లోపే! ఆవిడ 160 డాలర్లంది, 140కి ఇచ్చింది. నేనసలు వెతుకుతున్నది దీని అన్న, అంటే దీనికి ముందు మోడల్ ఎం1912, నడుము పట్టీకీ ఒరకీ మధ్య స్వివెల్ అనే తిరిగే లోహపు కీలు ఉంటుంది, గుర్రం మీద కూర్చున్నా ఒర తొడ పక్కన నిలువుగా వేలాడాలని. ఒక్కటే కనిపించింది, స్వివెల్ విరిగిపోయి, రేటు మాత్రం విరక్కుండా ఉంది. వదిలేశా.

మూడోరోజు ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్, 1830ల పల్లెని కట్టి చూపించే మ్యూజియం, టికెట్ తక్కువేం కాదు, హోల్‌స్టర్లూ ఉండవు. కానీ చెప్పుల కొట్టులో ఒకాయన ఆరెతో బెజ్జం పొడిచి మైనం రాసిన దారం లాగుతుంటే కదల్లేకపోయా. పక్కనున్న పిల్లాడికి చెట్టు బెరడుతో పచ్చి తోలుని ఎలా పదును చేస్తారో చెప్తున్నాడు, మన దగ్గర తంగేడు చెక్కతో చేసేవాళ్ళు కదా అదే పని. మద్రాసు నుంచి ఎగుమతయ్యే అలాంటి తోళ్ళని మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఆర్మీ బూట్ల కోసం తీసుకునేవాళ్ళు. బతుకమ్మలో పేర్చే పువ్వు చెట్టు అని మావాడికి చెప్తే నమ్మలేదు.

కొన్నాక ఎవరో చెప్పారని నూనె పట్టించకండి, తోలు నల్లబడి మెత్తబడి చెడిపోతుంది. ఎర్ర పొడి రాలుతుంటే అది రెడ్ రాట్, దాన్ని వెనక్కి తేలేం, ఇంకా రాలకుండా పట్టి ఉంచడానికి క్లూసెల్ అనే పూత మందు లాంటివి వాడతారు. ఇత్తడి రివెట్ల దగ్గర పచ్చ కిలుముంటే వెదురు పుల్లతో మెల్లగా గీకండి. లోపల యాసిడ్ లేని కాగితం ఉండచుట్టి పెట్టండి, మూత బలవంతంగా తెరవద్దు.

ఇంటికొచ్చాక గరాజ్‌లో పెడదామంటే తేమ, వంటింటి పక్క అరలో పెడదామంటే "ఆవకాయ జాడీల పక్కన చచ్చిన ఆవు తోలా" అంది మా ఆవిడ. ప్రస్తుతానికి నా ఆఫీసు షర్టుల అరలో, వీపు పైకి పెట్టి ఉంచా.